అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్ ఇంటి దగ్గరే మార్చుకోవడం: గుర్తులు పెట్టడం నుంచి టైమింగ్ దాకా

కొత్త డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ నుంచి వచ్చే స్పార్క్ కరెంటును వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంచే పరికరం) బిగించాక ఇంజను అందుకోవడం (స్టార్ట్ కావడం) లేదని, అందుకున్నా బండి మొత్తం ఊగిపోతోందని, కార్బ్యురేటర్‌లోంచి టప్పుమని కొడుతోందని పెట్రోల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు తరచూ అడుగుతుంటారు. కొని తెచ్చిన సామాను చెడ్డదేమోనని వాళ్ల అనుమానం. చాలాసార్లు తప్పు సామానులో ఉండదు, పనుల వరుసలో ఉంటుంది. గుర్తులు పెట్టకముందే పాతది ఊడదీస్తారు. పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంపే లోహపు ముఖాలు) గ్యాప్ సరిచేయకముందే టైమింగ్ (ప్లగ్గులో స్పార్క్ పడే క్షణం) పెడతారు. ప్లగ్గు వైర్లను ఎదురు దిశలో లెక్కపెడతారు. ఈ మూడూ జరగకుండా చూసుకుంటే ఇది ఒక పూట పని.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజను, పాయింట్లతో పనిచేసే లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్ ఉన్న అంబాసిడర్ గురించి. ఇసుజు ఇంజను వచ్చిన 1800 మోడల్‌కు ఇది వర్తించదు. డీజిల్ బండికైతే డిస్ట్రిబ్యూటరే ఉండదు. ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800 ఉన్నవాళ్లకు పద్ధతి అర్థమవుతుంది గానీ అంకెలు పనికిరావు. మారుతిది మూడు సిలిండర్ల ఇంజను, దాని ఫైరింగ్ ఆర్డరే (సిలిండర్లలో స్పార్క్ పడే వరుసే) వేరు.

## 1. మొత్తం మార్చాల్సిన అవసరం ఉందా?

పాయింట్లు కాలిపోయినా, కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపును తగ్గించే చిన్న డబ్బా) పోయినా, క్యాప్ (వైర్లు దిగే పై మూత) పగిలినా చాలామంది డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చేస్తారు. అది డబ్బు దండగ. క్యాప్ తీసి ఈ ఐదూ చూడండి.

- షాఫ్ట్ ఆట: రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ ఒక్కో వైరుకు కరెంటు అందించే ముక్క) తీసి షాఫ్ట్ కొనను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదపండి. కంటికి కనిపించేలా ఊగుతుంటే బుష్ అరిగిపోయింది.
- నాలుగు మొనల దగ్గర గ్యాప్: ఇంజనును తిప్పుతూ కామ్ (షాఫ్ట్ మీద పాయింట్లను తెరిచే భాగం) నాలుగు మొనల మీదా పాయింట్ల గ్యాప్ కొలవండి. ఒక్కో మొన దగ్గర ఒక్కో కొలత వస్తుంటే దానికి కారణం కూడా అరిగిన షాఫ్టే. ఎన్ని కొత్త పాయింట్లు వేసినా ఆ తేడా పోదు.
- మెకానికల్ అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు): రోటర్‌ను అపసవ్య దిశలో, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా, కొద్దిగా తిప్పి వదలండి. స్ప్రింగు బలంతో అది వెనక్కి రావాలి. రాకపోతే లోపల బరువులు తుప్పుతో బిగుసుకున్నాయి, లేదా స్ప్రింగు తెగింది.
- వ్యాక్యూమ్ డయాఫ్రం (కార్బ్యురేటర్ పీల్పుతో పాయింట్ల పళ్లేన్ని కదిపే పొర): పైపును కార్బ్యురేటర్ వైపు ఊడదీసి ఆ కొసను నోటితో పీల్చండి. పాయింట్ల పళ్లెం కదలాలి, నాలుకతో మూస్తే అలాగే నిలవాలి. గాలి ధారాళంగా వస్తుంటే డయాఫ్రం చిరిగింది.
- పళ్లెం ఎర్త్ వైరు: పాయింట్లు కూర్చునే పళ్లెం నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి ఒక చిన్న మెత్తని వైరు ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తూ లోపల తెగి ఉండవచ్చు. దాన్ని వేలితో మెల్లగా లాగి చూడండి.

షాఫ్ట్ ఆటగా ఉంటే, అడ్వాన్స్ పూర్తిగా బిగుసుకుపోయి ఉంటే మాత్రమే కొత్త డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లండి. మిగతావన్నీ విడిభాగాలతో పోయే జబ్బులే.

## 2. కొనేటప్పుడు

పాతది చేతిలో పట్టుకుని వెళ్లగలిగితే అంతకన్నా మంచిది లేదు. అది బండిలోనే ఉండాల్సి వస్తే నాలుగు వైపుల నుంచీ ఫోనులో ఫొటోలు తీసుకోండి, బాడీ మీద కొట్టిన నంబరు రాసుకోండి. ఒకే ఆకారంలో ఉన్న రెండు డిస్ట్రిబ్యూటర్ల లోపల అడ్వాన్స్ స్ప్రింగులు వేరుగా ఉండవచ్చు. పైకి సరిగ్గా సరిపోయి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కొట్టుకునేది (టకటకమనేది) ఇలాంటి మార్పిడితోనే.

దుకాణంలోనే పోల్చాల్సినవి: షాంక్ (ఇంజను బ్లాకులోకి దిగే కాడ) పొడవు, కింద ఉండే డ్రైవ్ నాలుక (ఇంజను డ్రైవ్ గాడిలో కూర్చునే ముక్క), వ్యాక్యూమ్ డబ్బా ఉన్న వైపు, క్యాప్‌లో వైర్లు దిగే తీరు. డ్రైవ్ నాలుకను శ్రద్ధగా చూడండి. అది సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ ఇంజనులో ఒకే ఒక్క తీరులో కూర్చుంటుంది. ఇది మీకు పెద్ద రక్షణ.

రీకండిషన్ చేసినది కొంటుంటే షాఫ్ట్ ఆట అక్కడే చూడండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత డిస్ట్రిబ్యూటర్‌కే కొత్త బుష్ వేయించుకునే వీలుంటే నా ఓటు దానికే. మీ ఇంజనుకు తగిన స్ప్రింగులు, బరువులు మీ దగ్గరే ఉంటాయి.

## 3. సిద్ధం చేసుకోవలసినవి

- అంగుళాల కొలత పానాలు. ఈ ఇంజనులో బోల్టులు ఆ కొలతవే. మిల్లీమీటర్ల పానా దాదాపుగా సరిపోయినట్టే ఉండి, బిగుసుకున్న బోల్టు మూలలు అరగదీస్తుంది.
- ప్లగ్గు పానా, పెద్దదీ చిన్నదీ రెండు స్క్రూడ్రైవర్లు
- ఫీలర్ గేజ్ (సన్నని గ్యాప్ కొలిచే రేకులు)
- ఇంజను తిప్పడానికి బండితో వచ్చిన హ్యాండిల్, లేదా క్రాంక్ పుల్లీ నట్టుకు సరిపడే పానా
- 12 వోల్టుల చిన్న బల్బు, హోల్డర్, రెండు పొడవాటి వైర్లు
- తుప్పు వదిలించే నూనె, ఇంజను ఆయిల్, కొద్దిగా గ్రీజు
- సుద్దముక్క లేదా తెల్ల పెయింటు, మార్కర్, అంటించే టేపు
- శుభ్రమైన గుడ్డలు రెండు మూడు
- కొత్త క్యాప్, రోటర్, పాయింట్లు, కండెన్సర్ (కొత్త డిస్ట్రిబ్యూటర్‌తో రాకపోతే)

తుప్పు నూనెను ముందు రోజు రాత్రే క్లాంపు చుట్టూ, షాంక్ బ్లాకులోకి దిగే చోట పోసి ఉంచండి. ఏళ్ల తరబడి కదలని డిస్ట్రిబ్యూటర్‌కు ఆ రాత్రి నానడం చాలా అవసరం. పని పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. బండి సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి.

## 4. ఒకటో సిలిండర్‌ను పైకి తేవడం

ముందు బ్యాటరీ ఎర్త్ వైరు ఊడదీయండి. కొన్ని పాత బండ్లలో ప్లస్ టెర్మినల్ బండి బాడీకి కలిపి ఉంటుంది. కాబట్టి గుర్తు చూసి కాకుండా, బాడీకి వెళ్లే వైరు ఏదో చూసి దాన్ని తీయండి. మళ్లీ పెట్టేటప్పుడు అది చివరన పెట్టాలి.

ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపున్నది. నాలుగు ప్లగ్గులూ తీసేస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. తీసేముందు ప్లగ్గు వైర్లకు టేపు చుట్టి 1, 2, 3, 4 అని రాయండి.

1. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు ఆనించండి.
2. ముందు నిలబడి చూస్తే ఇంజను సవ్యదిశలో తిరగాలి. హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి.
3. వేలిని గాలి బలంగా తన్నుతుంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లోకి (పిస్టన్ పైకి వస్తూ గాలిని నొక్కే దశలోకి) వస్తోంది.
4. అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా తిప్పుతూ, క్రాంక్ పుల్లీ అంచున ఉన్న గాడిని టైమింగ్ కవరు మీది సూచికల దగ్గరికి తీసుకురండి.

సూచికల్లో పొడవైనది పిస్టన్ పూర్తిగా పైన ఉన్న చోటు. దాని పక్కనున్నవి అంతకు 5, 10 డిగ్రీల ముందువి. మట్టి, ఆయిలు పేరుకుని ఇవి కనిపించకపోతే కిందికి వంగి గుడ్డతో తుడవండి. గాడిలో సుద్ద రుద్దితే తెల్లగా తేలుతుంది.

వేలితో కంప్రెషన్ చూడకుండా గాడి ఒక్కటే నమ్ముకోవద్దు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి గాడి సూచిక దగ్గరికి రెండుసార్లు వస్తుంది. అందులో ఒకటే సరైనది. అనుమానం ఉంటే రాకర్ కవరు తీసి చూడండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు దాని రెండు వాల్వులూ వదులుగా ఉంటాయి. నాలుగో సిలిండర్ వాల్వుల్లో ఒకటి మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఉంటుంది.

గాడి దాటిపోతే అంతవరకే వెనక్కి తిప్పి ఆపేయకండి. బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ సవ్యదిశలో తీసుకురండి. లేకపోతే టైమింగ్ చైను వదులు మీ కొలతలో కలిసిపోతుంది.

ఇక్కడి నుంచి పాతది తీసి కొత్తది బిగించేదాకా ఇంజనును ఎవరూ తిప్పకూడదు.

## 5. గుర్తులు: ఇక్కడ తొందర వద్దు

ఈ ఐదు నిమిషాల పని సరిగ్గా చేస్తే మిగతాదంతా సులువు.

- క్యాప్ క్లిప్పులు విప్పి, వైర్లు క్యాప్‌కు ఉండగానే పక్కకు జరపండి. ఏ రంధ్రంలో ఏ వైరు ఉందో ఫొటో తీయండి.
- రోటర్ ఇత్తడి కొన ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ అంచు మీద గీత పెట్టండి.
- అదే దిశలో ఇంజను బ్లాకు మీద గానీ దగ్గరలో కదలని మరో చోట గానీ ఇంకో గీత పెట్టండి. పాత బాడీ మీది గీత దానితోపాటే వెళ్లిపోతుంది. కొత్తది బిగించేటప్పుడు పనికొచ్చేది బ్లాకు మీది గీతే.
- వ్యాక్యూమ్ డబ్బా ఎటు తిరిగి ఉందో మరో ఫొటో తీయండి.
- కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు ఎక్కడ తగిలించి ఉందో చూసుకోండి.

ఫొటో ఉంది కదా అని గీతలు మానేయకండి. ఫొటో తీసిన కోణం మారితే రోటర్ దిశ 15, 20 డిగ్రీలు తేడాగా కనిపిస్తుంది.

రోటర్ క్యాప్‌లోని ఒకటో వైరు వైపు చూడాలి. నాలుగో వైరు వైపు చూస్తుంటే మీరు కంప్రెషన్‌కు బదులు ఎగ్జాస్ట్ చివరన ఉన్నారు. ఇంజనును ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. కంప్రెషన్‌లోనే ఉన్నానని వేలితో, వాల్వులతో తేల్చుకున్నాక కూడా రోటర్ వేరే చోట చూస్తుంటే, ఎప్పుడో ఎవరో డ్రైవ్ గేరును వేరే పన్ను మీద కూర్చోబెట్టి వైర్లు దానికి తగ్గట్టు మార్చి ఉంటారు. బండి అంతకుముందు బాగానే నడిచి ఉంటే దాన్ని అలాగే ఉంచి, ఉన్న స్థితికే గుర్తులు పెట్టుకోండి.

## 6. పాతది తీయడం

వ్యాక్యూమ్ పైపు, సన్న వైరు ఊడదీయండి. ఇప్పుడు క్లాంపు పళ్లేన్ని చూడండి. దాన్ని బ్లాకుకు పట్టి ఉంచే రెండు బోల్టులు వేరు, డిస్ట్రిబ్యూటర్ మెడను నొక్కి పట్టే పించ్ బోల్టు వేరు. పళ్లేన్ని పట్టే రెండు బోల్టులే తీయండి. పించ్ బోల్టును ఇంకా ముట్టుకోవద్దు. పళ్లెంతో సహా బయటికి వస్తే పాత అమరిక చెక్కుచెదరదు. ఏదైనా తేడా వస్తే పాతదాన్నే తిరిగి పెట్టి బండి నడుపుకోవచ్చు.

రెండు చేతులతో బాడీని పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ పైకి లాగండి. రాకపోతే మళ్లీ నూనె పోసి అరగంట ఆగండి. అల్యూమినియం బాడీ కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోస్తే అంచు విరుగుతుంది. వ్యాక్యూమ్ డబ్బాను పిడిలా పట్టుకుని తిప్పడమూ అంతే ప్రమాదం.

బయటికి రాగానే రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక వాషరు జారి లోపల పడితే అది నేరుగా డ్రైవ్ గేరు మీదికే వెళ్తుంది. లోపల కనిపించే గాడి ఉన్న డ్రైవ్ షాఫ్ట్‌ను లాగొద్దు, తిప్పొద్దు. అది కదలనంత కాలం మీ టైమింగ్ దాదాపు అక్కడే ఉంటుంది.

## 7. బల్ల మీద పాతదీ కొత్తదీ

రెండింటినీ పక్కపక్కన పెట్టి, రోటర్లను ఒకే దిశలో ఉంచి, కింద డ్రైవ్ నాలుకలు కూడా ఒకే దిశలో, ఒకే పక్కకు జరిగి ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే రోటర్ మీ గుర్తుకు రాదు. అలాంటప్పుడు వైర్లు ఎలా పెట్టాలో పదో అంచెలో చెప్పాను.

తర్వాత పాయింట్లు. కొత్త పాయింట్ల ముఖాల మీద తుప్పు పట్టకుండా సన్నని పూత ఉంటుంది. పెట్రోలు తడిపిన గుడ్డతో దాన్ని తుడవకపోతే కరెంటు సరిగా పారదు. 'కొత్తవి వేసినా స్పార్క్ లేదు' అనే ఫిర్యాదుల్లో ఇదొక కారణం.

ఇంకో కారణం పాయింట్ల స్తంభం దగ్గర ఉంటుంది. అక్కడ నట్టు కింద చిన్న టోపీలాంటి ప్లాస్టిక్ బుష్ కనిపిస్తుంది. కాయిల్ వైపు వైరు, కండెన్సర్ వైరు, పాయింటు స్ప్రింగు: ఈ మూడింటి కళ్లూ ఆ బుష్‌కే తొడగాలి. మూడూ ఒకదానికొకటి తగలాలి, స్తంభానికి గానీ పళ్లేనికి గానీ తగలకూడదు. కింద ఉండాల్సిన ఇన్సులేషన్ వాషరు పడిపోయినా, వైరు కొన వంగి పళ్లేనికి ఆనినా కరెంటు ఎప్పుడూ ఎర్త్‌కే పోతుంది, ఇక స్పార్క్ రాదు. నట్టు బిగించాక వైర్లు తిరిగిపోయి అంచుకు తగులుతున్నాయేమో వంగి చూడండి. ఒకే ముక్కగా వచ్చి క్లిప్పుతో కూర్చునే పాయింట్లకు ఈ బెడద ఉండదు.

గ్యాప్ పెట్టడం

1. షాఫ్ట్ తిప్పి, పాయింటు మడమ (కామ్‌ను రాసుకునే ముక్క) కామ్ మొన నడినెత్తి మీదికి వచ్చేలా చేయండి.
2. బిగింపు స్క్రూ కొద్దిగా వదులు చేసి 0.35 నుంచి 0.40 మి.మీ. గ్యాప్ పెట్టండి. అంగుళాల్లో 0.014 నుంచి 0.016.
3. ఫీలర్ రేకు రెండు ముఖాలకూ తగులుతూ, స్ప్రింగును కదపకుండా జారాలి.
4. స్క్రూ బిగించి మళ్లీ కొలవండి. బిగించేటప్పుడు గ్యాప్ మారడం మామూలే.
5. మిగతా మూడు మొనల దగ్గరా చూడండి.

కొత్త డిస్ట్రిబ్యూటర్ కదా, ఫ్యాక్టరీలోనే సరిచేసి ఉంటారని వదిలేయకండి. గ్యాప్ మారితే పాయింట్లు తెరుచుకునే క్షణం మారుతుంది, అంటే టైమింగే మారుతుంది. అందుకే ఎప్పుడైనా ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్.

కామ్‌కు గోరంత గ్రీజు, రోటర్ కింద షాఫ్ట్ నడిమధ్య రెండు చుక్కల ఆయిల్ వేయండి. ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చిమ్మి వాటిని కాలుస్తుంది.

## 8. కొత్తది కూర్చోబెట్టడం

పాతదాని మెడ నుంచి క్లాంపు పళ్లెం తీసి కొత్తదానికి వదులుగా తొడగండి. పించ్ బోల్టు విప్పాల్సింది ఇప్పుడే. షాంక్ శుభ్రంగా తుడిచి, రబ్బరు రింగు ఉంటే దానితో సహా ఇంజను ఆయిల్ పూయండి. రంధ్రంలోని గుడ్డ తీయండి.

వ్యాక్యూమ్ డబ్బా పాత దిశలోనే ఉండేలా పట్టుకుని కిందికి దించండి. చివర్లో ఆగితే నాలుక గాడిలో పడలేదన్నమాట. పై నుంచి తేలిగ్గా నొక్కుతూ రోటర్‌ను మెల్లగా తిప్పండి. ఒక చోట చిన్న శబ్దంతో పూర్తిగా దిగుతుంది. దిగకముందే బోల్టులు బిగించి దాన్ని కిందికి లాగాలని చూస్తే పళ్లెమైనా వంగుతుంది, నాలుకైనా విరుగుతుంది. సుత్తితో అసలు కొట్టకూడదు.

దిగాక రోటర్ బ్లాకు మీది గీత వైపు చూడాలి. పళ్లెం బోల్టులు రెండూ బిగించండి. పించ్ బోల్టును మాత్రం చేత్తో తిప్పితే డిస్ట్రిబ్యూటర్ కొద్దిగా బిగువుగా తిరిగేంత వరకే బిగించి ఆపండి.

సన్న వైరు తగిలించండి. డిస్ట్రిబ్యూటర్ వైరు కాయిల్ మీద ఏ టెర్మినల్‌కు వెళ్లాలన్నది బ్యాటరీని బట్టి ఉంటుంది. మైనస్ ఎర్త్ బండిలో మైనస్‌కు, ప్లస్ ఎర్త్ బండిలో ప్లస్‌కు. పాత కాయిళ్ల మీద 'సీబీ' అని ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ వైరు దానికే పోవాలి.

## 9. బల్బుతో టైమింగ్

మీ బండి పుస్తకంలో ఇచ్చిన స్టాటిక్ టైమింగ్ (ఇంజను నడవకుండా పెట్టే టైమింగ్) అంకె చూడండి. పుస్తకం లేకపోతే 5 డిగ్రీల ముందు సూచిక దగ్గర మొదలుపెట్టి, తర్వాత రోడ్డు మీద సరిచేసుకోవచ్చు.

డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర 'ఏ', 'ఆర్' అనే అక్షరాలతో చిన్న గరుకు నాబ్ ఉంటే ముందు దాన్ని స్కేలు మధ్యకు తీసుకురండి. తర్వాత సన్నని సర్దుబాట్లకు రెండు వైపులా చోటు ఉండాలి.

1. ఇంజనును కొంచెం వెనక్కి తిప్పి, మళ్లీ సవ్యదిశలో తెస్తూ గాడిని కావలసిన సూచిక దగ్గర ఆపండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లోనే ఉండాలి.
2. బల్బు ఒక వైరును కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైరు ఉన్న టెర్మినల్‌కు, రెండోదాన్ని ఇంజను మీద రంగు లేని శుభ్రమైన చోట కలపండి.
3. బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ స్విచ్ వేయండి. స్టార్టర్ కొట్టవద్దు.
4. డిస్ట్రిబ్యూటర్ బాడీని అపసవ్య దిశలో తిప్పండి. పాయింట్లు మూసుకుని బల్బు ఆరిపోవాలి.
5. రోటర్‌ను వేలితో సవ్యదిశలో తేలిగ్గా నొక్కి పట్టుకోండి. డ్రైవ్‌లో ఉన్న వదులు దీనితో పోతుంది.
6. ఇప్పుడు బాడీని సవ్యదిశలో వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. బల్బు వెలిగిన క్షణంలో ఆపండి. పాయింట్లు తెరుచుకున్నది అప్పుడే, ప్లగ్గులో స్పార్క్ పడేదీ అప్పుడే.
7. పించ్ బోల్టు బిగించండి. గట్టిగా పిండితే పళ్లెం వంకరపోతుంది, బాడీ కదలనంత బిగువు చాలు.
8. ఇంజనును రెండు చుట్లు తిప్పి మళ్లీ సూచిక దగ్గరికి తెండి. గాడి సూచికకు వచ్చినప్పుడే బల్బు వెలగాలి. ముందో వెనకో వెలిగితే నాలుగో మెట్టు నుంచి మళ్లీ చేయండి.

బల్బు మినుకుమినుకుమంటూ వెలగడం, ఆరడం చేస్తుంటే అంచు దగ్గరే ఉన్నారు. ఎప్పుడూ ఆరకపోతే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా ముఖాల మీద పూత అలాగే ఉంది. ఎప్పుడూ వెలగకపోతే స్తంభం దగ్గర ఎర్త్ అవుతోంది, లేదా కాయిల్‌కు కరెంటే రావడం లేదు.

పని అవగానే స్విచ్ ఆపండి. పాయింట్లు మూసుకుని ఉండగా స్విచ్ వేసి వదిలేస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

## 10. క్యాప్, వైర్లు

రోటర్ పూర్తిగా కిందికి దిగిందో లేదో చూడండి. సగం దిగిన రోటర్ మొదటిసారి స్టార్టర్ కొట్టగానే క్యాప్‌ను పగలగొడుతుంది. క్యాప్ మధ్యలో కార్బన్ బ్రష్ ఉందా, నొక్కితే వెనక్కి వెళ్లి వస్తోందా చూడండి. క్యాప్ గాడిలో కూర్చున్నాకే క్లిప్పులు వేయండి.

ఇప్పుడు రోటర్ ఎదురుగా ఉన్న టవర్‌లో (క్యాప్ మీద వైరు దూర్చే గొట్టంలో) ఒకటో వైరు పెట్టండి. అక్కడి నుంచి అపసవ్య దిశలో 1, 3, 4, 2. ఈ ఇంజనులో రోటర్ తిరిగేది అటే.

ఈ దిశ దగ్గర ఎక్కువమంది పొరబడతారు. 1, 3, 4, 2 అని గుర్తుంటుంది గానీ సవ్యదిశలో లెక్కపెడతారు. అప్పుడు 1, 4 సరైన చోటే పడతాయి, 2, 3 తారుమారవుతాయి. ఇంజను రెండు సిలిండర్ల మీద అందుకుని విపరీతంగా ఊగుతుంది, కార్బ్యురేటర్‌లోంచి, సైలెన్సర్‌లోంచి కొడుతుంది. ఆ లక్షణం కనిపిస్తే టైమింగ్ ముట్టుకోకుండా ముందు 2, 3 వైర్లు చూడండి.

ప్లగ్గుల గ్యాప్ 0.64 మి.మీ. దగ్గర పెట్టి, చేత్తో కొన్ని చుట్లు తిప్పాకే పానా వేయండి. వ్యాక్యూమ్ పైపు తగిలించండి.

స్టార్టర్ కొట్టేముందు:

- పళ్లెం బోల్టులు, పించ్ బోల్టు బిగించారా?
- బల్బు వైర్లు తీసేశారా?
- ఇంజను తిప్పిన హ్యాండిల్ లేదా పానా బయటికి తీశారా?
- గేరు న్యూట్రల్‌లో ఉందా?
- ఫ్యాను దగ్గర గుడ్డలు, వైర్లు, మీ పంచె లేదా చున్నీ లేకుండా చూశారా?
- దగ్గరలో పెట్రోలు తడిపిన గుడ్డ ఉందా? ఉంటే దూరంగా పడేయండి.

## 11. మొదటి స్టార్ట్, రోడ్డు పరీక్ష

బండి ఆరుబయట ఉండాలి. షెడ్డులో షట్టరు దించి ఇంజను నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

టైమింగ్ సరిగ్గా ఉంటే ఇంజను వెంటనే అందుకోవాలి. వేడెక్కే దాకా నడవనివ్వండి. స్ట్రోబ్ లైటు (ఇంజను నడుస్తుండగా టైమింగ్ చూపే మెరుపు దీపం) ఉంటే వ్యాక్యూమ్ పైపు ఊడదీసి కొస మూసి, పుస్తకంలో చెప్పిన వేగం దగ్గర చూడండి. స్ట్రోబ్ అంకె, స్టాటిక్ అంకె ఒకటి కావు. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టవద్దు.

లైటు లేకపోయినా రోడ్డు చెబుతుంది. ఇంజను బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో గంటకు 40 కి.మీ. వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి.

- క్షణకాలం సన్నగా కొట్టుకుని, వేగం అందుకోగానే పోతే సరిగ్గా ఉన్నట్టే.
- కొట్టుకోవడం ఆగకపోతే స్పార్క్ ముందుగా పడుతోంది. డిస్ట్రిబ్యూటర్ బాడీని అపసవ్య దిశలో కొద్దిగా తిప్పాలి.
- కొట్టుకోవడమే లేక బండి బరువుగా లాగుతుంటే, ఇంజను వేడెక్కుతుంటే, స్పార్క్ ఆలస్యమవుతోంది. సవ్యదిశలో కొద్దిగా తిప్పాలి.

గరుకు నాబ్ ఉన్నవాళ్లు బోల్టు విప్పకుండానే దానితో సర్దుకోవచ్చు. 'ఏ' వైపు తిప్పితే స్పార్క్ ముందుకు, 'ఆర్' వైపు తిప్పితే వెనక్కి. లూకాస్ నాబ్‌లో 11 టిక్కులకు ఒక డిగ్రీ మారుతుంది. ఒక్కోసారి ఒక డిగ్రీకి మించి మార్చకుండా మళ్లీ నడిపి చూడండి. కొట్టుకుంటున్న ఇంజనును 'లాగుతోంది కదా' అని అలాగే నడిపితే పిస్టన్లు దెబ్బతింటాయి.

## 12. అందుకోకపోతే ఏ వరుసలో చూడాలి

ముందు స్పార్క్ ఉందో లేదో తేల్చండి. కాయిల్ మధ్య వైరును క్యాప్ నుంచి తీసి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో పట్టుకుని, దాని కొసను బ్లాకుకు 6 మి.మీ. దూరంలో ఉంచండి. దగ్గర పెట్రోలు ఆవిరి ఉండకూడదు. ఇంకొకరిని స్టార్టర్ కొట్టమనండి.

స్పార్క్ లేదు. కాయిల్‌కు కరెంటు వస్తోందా, పాయింట్ల స్తంభం ఎర్త్ అవుతోందా, పాయింట్ల ముఖాలు శుభ్రంగా ఉన్నాయా, గ్యాప్ తెరుచుకుంటోందా అన్నవి ఈ వరుసలోనే చూడండి. ఇవన్నీ బాగుంటే కండెన్సర్ మార్చండి. బలహీనమైన పసుపు స్పార్క్, పాయింట్ల దగ్గర పెద్దగా మెరుపు ఉంటే అనుమానం మొదట కండెన్సర్ మీదే. పాతది బాగా పనిచేస్తుండేదైతే దాన్నే పెట్టి చూడండి.

కాయిల్ దగ్గర ఉంది, ప్లగ్గు దగ్గర లేదు. రోటర్, క్యాప్. రోటర్ లోపల కరెంటు షాఫ్ట్‌కు దూకుతుంటే పైకి ఏ పగులూ కనిపించదు. పాత రోటర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. వానాకాలంలో క్యాప్ లోపలి తేమ కూడా ఇదే పని చేస్తుంది, పొడిగుడ్డతో తుడవండి.

ప్లగ్గుల్లో స్పార్క్ ఉంది, కార్బ్యురేటర్‌లోంచి తిరిగి కొడుతోంది, అసలు అందుకోవడం లేదు. కంప్రెషన్‌కు బదులు ఎగ్జాస్ట్ చివర టైమింగ్ పెట్టి ఉంటారు. అంటే 1కి 4, 2కి 3 మారిపోయాయి. డిస్ట్రిబ్యూటర్ తీయనక్కర్లేదు, క్యాప్‌లో ప్రతి వైరునూ ఎదుటి టవర్‌లోకి మార్చితే సరిపోతుంది.

అందుకుంటుంది, యాక్సిలరేటర్ నొక్కితే తడబడుతుంది. పళ్లెం కదిలినప్పుడు లోపలి వైరు లాగుతోందా, ఎక్కడైనా తగులుతోందా చూడండి. వ్యాక్యూమ్ పైపు రెండు కొసలూ బిగువుగా ఉన్నాయా చూడండి.

స్టార్టర్ కొడితే ఇంజను ఎదురుతంతుంది. స్పార్క్ మరీ ముందుగా పడుతోంది. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే ప్రయత్నం ఈ స్థితిలో చేయవద్దు, మణికట్టు విరుగుతుంది.

## 13. 800 కిలోమీటర్ల లోపు

కొత్త పాయింట్ల మడమ మొదటి రోజుల్లో కామ్ మీద అరిగి సర్దుకుంటుంది. గ్యాప్ తగ్గుతుంది, దానితోపాటు టైమింగ్ వెనక్కి జరుగుతుంది. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఒకసారి గ్యాప్ కొలిచి, బల్బుతో టైమింగ్ మళ్లీ చూడండి. అదే సమయంలో పళ్లెం బోల్టుల బిగువు, షాంక్ చుట్టూ ఆయిల్ కారుతోందేమో కూడా చూడండి. కారుతుంటే రబ్బరు రింగు మార్చాలి. పాత డిస్ట్రిబ్యూటర్‌ను పారేయకుండా ఆయిల్ పూసి సంచిలో కట్టి డిక్కీలో ఉంచండి. దాని రోటర్, కండెన్సర్ దారిలో అక్కరకొస్తాయి.